శివాజీ పార్కు: ఉమ్మడి మైదానంలో మన వాటా

మన పల్లెల్లో 'ఊరుమ్మడి' అనే మాట ఒకటుంది. ఊరుమ్మడి బావి, ఊరుమ్మడి చెరువు, ఊరుమ్మడి చావడి. ఈ మాటలో ఊరుంది గానీ వాడ లేదు. చచ్చిన గొడ్డును ఎత్తడానికి, డప్పు కొట్టడానికి, చావు కబురు మోయడానికి వాడ కావాలి. నీళ్ల దగ్గరా, చావడి అరుగు మీదా మాత్రం వాడ అక్కర్లేదు. పట్నంలో ఈ మాట పోయి 'పబ్లిక్' అనే మాట వచ్చింది. పబ్లిక్ పార్కు, పబ్లిక్ గ్రౌండు, పబ్లిక్ రోడ్డు. ఈ పబ్లిక్ అనే లెక్కలో వాడ చేరిందా? చేరితే ఎట్లా చేరింది? దీన్ని ముంబైలోని శివాజీ పార్కు చరిత్రతో చెప్పుకుందాం.

ఎక్కడో ఉన్న ముంబై మైదానం మనకెందుకని అడగొచ్చు. బాబాసాహెబ్ అంబేద్కర్ చితిస్థలం ఆ మైదానం పక్కనే ఉంది. అంతేగాక ఆ నగరం కట్టిన చేతుల్లో తెలంగాణ నుంచి పొట్ట చేతపట్టుకుని పోయిన కూలీల చేతులున్నాయి. కామాఠీపురా పేరే ఆ కామాఠీ కూలీల నుంచి వచ్చింది.

మైదానం ఎట్లా పుట్టింది

దాదర్ పడమటి వైపు, సముద్రానికి దగ్గరలో సుమారు 28 ఎకరాల ఖాళీ నేల శివాజీ పార్కు. మునిసిపల్ కార్పొరేషన్ దీన్ని 1925లో జనానికి తెరిచింది. అప్పటి పేరు మాహీం పార్కు. 1927లో కార్పొరేటర్ అవంతికాబాయి గోఖలే చొరవతో శివాజీ పేరు పెట్టారు.

1896లో బొంబాయిని ప్లేగు కబళించింది. ఇరుకు వాడల్లో గాలీ వెలుతురూ లేకనే రోగం ముదిరిందని పాలకులు తేల్చారు. ఆ తర్వాత నగరాన్ని ఉత్తరానికి పెంచారు. దాదర్, మాతుంగా వైపు వెడల్పాటి వీధులతో, తోటలతో కొత్త కాలనీలు లేచాయి. వాటిలో చేరింది ఎక్కువగా ఉద్యోగస్తులైన పైకులాల మధ్యతరగతి. మిల్లు కార్మికులకు దక్కినవి చాళ్లు, అంటే ఒక్కో కుటుంబానికి ఒక్కో గది చొప్పున వరసగా కట్టిన కట్టడాలు. 1920లలో ప్రభుత్వం వర్లీ, నాయ్‌గావ్‌లలో కట్టిన బీడీడీ చాళ్లు అట్లాంటివే. దళిత కార్మికులు వేలాదిగా బతికింది అక్కడే. అంబేద్కర్ కూడా రెండు దశాబ్దాల పాటు పరేల్‌లోని చాళ్లోనే ఉన్నారు. దాదర్ హిందూ కాలనీలో 'రాజగృహ' కట్టుకుని మారింది 1930లలోనే.

అంటే ఒకే నగరం ఒకే కాలంలో కొందరికి ఇంటి ముందు మైదానాన్నీ, కొందరికి ఇల్లే ఒక గదినీ ఇచ్చింది. నిజానికి ఖాళీ జాగా అవసరం ఆ గదిలో ఉన్నవాళ్లకే ఎక్కువ!

కాగితం మీది హక్కు, కాలు పెట్టిన హక్కు

1923లో ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానాన్ని బొంబాయి శాసనమండలి ఆమోదించింది. ప్రజాధనంతో నడిచే బావులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, ఆఫీసులు, దవాఖానాలు అంటరానివాళ్లకూ తెరిచి ఉండాలన్నది దాని సారాంశం. మహాడ్ మునిసిపాలిటీ తన చౌదర్ చెరువు అందరిదీ అని 1924లో తీర్మానం రాసుకుంది. రాసుకోవడమే, నీళ్లు ముట్టిన అంటరానివాడు లేడు.

1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. అగ్రకులాలవాళ్లు తాగినవాళ్లను కొట్టారు. తర్వాత 108 కుండల పంచగవ్యంతో చెరువును 'శుద్ధి' చేశారు. కోర్టులో దళితుల హక్కు నిలబడేసరికి 1937 వచ్చింది. దాదర్‌లో మైదానానికి కొత్త పేరు పెట్టిన సంవత్సరమూ, మహాడ్‌లో ఈ నడక జరిగిన సంవత్సరమూ ఒకటే. ప్రజల స్థలమని కాగితం మీద రాస్తే సరిపోదు, రానివ్వని మనిషి వచ్చి కాలు పెట్టిన రోజునే అది ప్రజలదవుతుందని మహాడ్ చెప్పింది. శివాజీ పార్కుకు అట్లాంటి రోజు 1956లో వచ్చింది.

డిసెంబర్ 6

1956 డిసెంబర్ 6న అంబేద్కర్ ఢిల్లీలో కన్నుమూశారు. మర్నాడు దాదర్ సముద్రపొడ్డున ఉన్న శ్మశానంలో దహనం జరిగింది. లక్షలాది జనం వచ్చారు. బొంబాయిలో ఆ నెల్లోనే జరగాల్సిన బౌద్ధదీక్షను చాలామంది అక్కడికక్కడే తీసుకున్నారు. చితిస్థలంలో స్తూపం కట్టి 1971 డిసెంబర్ 5న ప్రారంభించారు. అదే చైత్యభూమి.

చైత్యభూమి చిన్న జాగా, జనమేమో లక్షల్లో వస్తారు. విదర్భ, మరాఠ్వాడాల నుంచి రైళ్లెక్కి, పిల్లాపాపలతో రొట్టెల మూటలతో వస్తారు. క్యూలో గంటలు గంటలు నిలబడతారు. వాళ్లకు విశ్రాంతి, నిద్ర, తిండి, సభ అన్నీ శివాజీ పార్కులోనే. కార్పొరేషన్ గుడారాలు వేసి నీళ్లు, మరుగుదొడ్లు ఏర్పాటు చేస్తుంది. ఉద్యోగ సంఘాలు అన్నం పెడతాయి, డాక్టర్లు శిబిరాలు నడుపుతారు.

అన్నిటికంటే ముఖ్యం పుస్తకాల దుకాణాలు. నేల మీద గోనెపట్టా పరిచి అమ్మే పది రూపాయల కరపత్రం నుంచి అంబేద్కర్ రచనల సంపుటాల దాకా అక్కడ దొరుకుతాయి. చదువు నిరాకరించబడిన కులాలవాళ్లు నివాళికి వచ్చి పుస్తకం కొనుక్కుని పోతారు. పూలు, కొవ్వొత్తులకు బదులు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను తెచ్చి పేదపిల్లలకివ్వండనే పిలుపు కూడా ఈ మధ్య బలపడింది. గుడి జాతరలో లేనిది ఇక్కడ ఉన్నది ఇదే.

చెత్త, చప్పుడు

డిసెంబర్ 6 వచ్చిందంటే దాదర్‌లో వినపడే ఫిర్యాదులు పాతవే: చెత్త, చప్పుడు, టికెట్ లేని ప్రయాణికులు. ఆ రెండు మూడు రోజులు ఇళ్లకు తాళం వేసుకుని ఊరు విడిచే కుటుంబాలూ ఉన్నాయి. అదే మైదానంలో 1966 నుంచి శివసేన దసరా సభలు జరుగుతున్నాయి. 1995లో, 2019లో ముఖ్యమంత్రుల ప్రమాణస్వీకారాలు జరిగాయి. 2012లో బాల్ ఠాక్రేకు, 2022లో లతా మంగేష్కర్‌కు ఆ మైదానంలోనే అంత్యక్రియలు చేశారు. వీటికీ జనం వచ్చారు, చప్పుడూ అయింది, చెత్తా పడింది. కానీ ఆ జనాన్ని ఎవరూ 'మురికి' అనలేదు. చెత్త గురించిన మాట ఎప్పుడు మనిషి గురించిన మాటగా మారుతుందో అప్పుడు అది కులం మాట. మహాడ్‌లో పంచగవ్యం చేసిన పనినే ఇక్కడ 'పరిశుభ్రత' అనే మర్యాదస్తుల మాట చేస్తున్నది. మర్నాడు ఆ చెత్తను ఊడ్చేదెవరు? ముంబైలో చెత్త ఎత్తే కార్మికుల్లో అత్యధికులు దళితులే.

స్థానికుల ఇబ్బందిని మేము కొట్టిపారేయడం లేదు. దుమ్మూ లౌడ్‌స్పీకర్లూ ముసలివాళ్లకూ పిల్లలకూ కష్టమే. ఆటకు జాగా మిగలాలన్నదీ న్యాయమే. స్థానికుల పిటిషన్ మీద 2010 మేలో బొంబాయి హైకోర్టు శివాజీ పార్కును నిశ్శబ్ద మండలంగా ప్రకటించింది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా ఇట్లాంటి మండలం ఉండొచ్చు. డిసెంబర్ 6కు మినహాయింపు దక్కింది. తర్వాత ఆటలు కాని పనులకు ఏడాదికి 45 రోజులని ప్రభుత్వం లెక్క కట్టింది. మనకు దక్కిన ఈ మినహాయింపు దయ కాదు. 1956 నుంచి జనం ఏటేటా రావడం వల్లనే అది కాదనలేని వాస్తవమయింది. 2020లో కరోనా కారణంగా రావద్దంటే జనం ఇళ్లలోనే ఉండి నివాళులర్పించారు, ఆ తర్వాత మళ్లీ వచ్చారు. ఈ రాక ఆగిపోతే మినహాయింపును గుర్తుంచుకునేదెవరు?

మన దగ్గర

ఇదే తర్కం హైదరాబాదులోనూ చూశాం. ఇందిరా పార్కు పక్కన ఉన్న ధర్నా చౌక్‌ను 2017లో ప్రభుత్వం మూసి, ధర్నాలను నగరం అంచులకు పొమ్మంది. చెప్పిన కారణాల్లో వాకర్లకూ కాలనీవాసులకూ ఇబ్బంది అన్నదొకటి. పొద్దున నడిచేవాడు పౌరుడట, జీతం రాక రోడ్డెక్కినవాడు అడ్డంకట! జనం పోరాడితే, 2018లో హైకోర్టు తాత్కాలిక ఉత్తర్వులతో ధర్నాలకు మళ్లీ దారి దొరికింది.

కాబట్టి మిత్రులు తమ పట్టణంలోని పార్కునూ గ్రౌండునూ ఒకసారి లెక్క చూడాలి. టికెట్ ఎంత? ఆ టికెట్ కొనలేనిదెవరు? సభకు అనుమతి ఎవరికి ఒక్కరోజులో వస్తున్నది, ఎవరిని నెలల తరబడి తిప్పుతున్నది? ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి అక్కడ జరుగుతున్నదా, వాడలోని విగ్రహం దగ్గరే ఆగిపోతున్నదా? ఊడ్చే కార్మికులకు పని అయ్యాక అక్కడి బెంచీ మీద కూర్చునే చోటుందా? ఉపాధ్యాయులు ఈ ప్రశ్నలను పిల్లల చేత అడిగించవచ్చు, విద్యార్థులు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టవచ్చు. జవాబులు వచ్చాక చేయవలసింది ఒక్కటే: మనవాళ్లతో, మన పుస్తకాలతో ఆ మైదానంలోకి పోయి కూర్చోవాలి. ఒక్క ఏడాది కాదు, ఏటా.