రాజముఖము లేని నాణెము

మన పెద్దల పెట్టెల యడుగున, మాసిన గుడ్డమూటలలో, నడుమ గుండ్రని రంధ్రము గల పలుచని కంచునాణె మొకటి అప్పుడప్పుడు బయల్పడుచుండును. చిల్లు కానీ యని దాని వ్యవహారనామము; త్రాట గ్రుచ్చి పసిబిడ్డల మొలకు గట్టిన తల్లులును గలరు. 1943లో వెలువడిన యీ నాణెముపై రాజుగారి ముఖము లేదు. రంధ్రము నడిచోటు నాక్రమింపగా, ఆఱవ జార్జి ప్రభువునకు కిరీటము మాత్రమే మిగిలెను.

ఆ రంధ్రమును దొలిచినది రెండవ ప్రపంచయుద్ధము. తూటాల తొడుగులకు రాగియు, కవచపు టుక్కునకు నికెలును కావలసివచ్చిన యాదినములలో, పూర్వము 75 గ్రెయినులు తూగిన కానీ 30 గ్రెయినులకు దిగిపోయెను. 1942 మొదలు అణాయును, చదరపు బేడయును తెల్లని మేనిచాయ విడిచి, నికెలు తక్కువైన పసుపుపచ్చని యిత్తడి దాల్చెను.

రూపాయికి గలిగిన మార్పు ఇంతకన్న గూఢమైనది. తులమెత్తు, అనగా 180 గ్రెయినులు, తూగు ఆ నాణెమున పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి యుండెడిది. 1940 జూనులో ఫ్రాన్సు పతనవార్త వినినతోడనే జనులు కాగితపు నోట్లను మార్చుకొని వెండిని దాచుకొనసాగిరి. అంతట ప్రభుత్వము రూపాయి నోటును మరల వెలువరించి, నాణెమునందలి వెండిని సగమునకు దించి, తక్కిన సగమును రాగి, నికెలు, యశదములతో నింపెను. తూకము నదియే, ముఖము నదియే. దొంగముద్రల వారింప అంచున జెక్కిన గాడి యొక్కటియే క్రొత్త. విక్టోరియా రూపాయలు 1941లో చెలామణి దప్పెను. పాతపాళ్ల వెండితో ముద్రితమైన 1939 నాటి రూపాయి నేటి సేకర్తలకు దుర్లభమైనది.

వీనిని గూర్చువారు తేదీతోబాటు తేదీ చెంతనో క్రిందనో యుండు చిన్నిగుర్తును గూడ పరికింపవలెను. కలకత్తా టంకశాలకు గుర్తు లేదు. బొంబాయిది చుక్కయో వజ్రాకృతియో యగును. 1943లో పనికి దిగిన లాహోరుది ‘ఎల్’ అక్షరము. చిల్లు కానీలపై కిరీటపు ఆకృతి సైతము ఒక్కతీరున నుండదు. చింతపండుతో తోమి మెఱుగుపెట్టుట మాత్రము కూడదు. కాలము పూసిన ఆ నల్లనిపొరతో పాటు నాణెము విలువయు గడుగుకొని పోవును.

యుద్ధకాలమున అమెరికా మన దేశమునకు 22 కోట్ల ఔన్సులకు పైబడిన వెండిని అప్పుగా నొసగెను. ఆ ఋణము దీర్పవలసినందున వెండినాణెములు వెనుకకు మరలింపబడ, 1947లో పులిబొమ్మ గల నికెలు రూపాయి ప్రజల చేతికి వచ్చెను. చిల్లు కానీపై గడపటి తేదీయు నా 1947వ సంవత్సరమే. మూడేండ్లకు గణతంత్ర భారతము క్రొత్త కానీని ముద్రించినపుడు, దాని యొకవైపున అశోకుని సింహములు, మఱియొకవైపున గుఱ్ఱము నిలిచెను. కిరీటము దొలగెను, చిల్లు పూడెను.