విడాకుల కోర్టులో వినబడే మాటలు: మన కుటుంబాలు తెలుసుకోవలసినవి



వివాహము దేవుని ఏర్పాటు అని మనము నమ్ముతాము. మత్తయి సువార్త 19వ అధ్యాయంలో ప్రభువు చెప్పినది ప్రతి పెళ్లిలోనూ వింటాము. అయినా మన సంఘాలలో కూడ కొన్ని కాపురాలు విరుగుతున్నాయి. గజపతినగరం చుట్టుపక్కల పల్లెలలో అటువంటి కుటుంబాలను దర్శించినప్పుడు మేము గమనించింది ఒకటి ఉంది. కోర్టు కాగితం ఇంటికి రాగానే అందులోని మాటలు అర్థం కాక భయపడతారు. కొందరు ఊరుకుంటారు. కొందరు పెద్దలను కూర్చోబెట్టి, స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టి, అంతటితో అయిపోయిందనుకుంటారు. ఈ వ్యాసం విడాకులను ప్రోత్సహించడానికి కాదు. తెలియక ఎవరూ, ముఖ్యంగా మన ఆడపిల్లలు, నష్టపోకూడదని వ్రాస్తున్నాము.

స్టాంపు కాగితం విడాకులు కాదు

కులాచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం కొన్ని కులాలకు అంగీకరిస్తుంది. అది చూసి మనవారు కూడ అలాగే చేస్తారు. క్రైస్తవ వివాహాలకు ఆ వెసులుబాటు లేదు. మనకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. ఊరి పెద్దలు వ్రాసినా, సంఘ కమిటీ వ్రాసినా ఆ కాగితంతో వివాహం రద్దు కాదు. చర్చి ట్రిబ్యునల్ ఇచ్చిన రద్దు చట్టం ముందు చెల్లదని సుప్రీంకోర్టు 1996లో ఒక కేరళ కేసులో చెప్పింది. అటువంటి కాగితం నమ్మి మరల పెళ్లి చేసుకుంటే, మొదటి భార్య లేక భర్త బ్రతికి ఉండగా చేసుకున్న నేరమవుతుంది. దానికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

ఇక మాటలకు అర్థాలు

పిటిషనరు, రెస్పాండెంటు: కేసు వేసినవారు పిటిషనరు, ఎవరిమీద వేశారో వారు రెస్పాండెంటు. రెస్పాండెంటు అంటే నేరస్థుడని అర్థం కాదు.

నోటీసు, ఎక్స్‌పార్టీ: కోర్టు నోటీసు తీసుకోకపోతే కేసు ఆగిపోతుందనుకోవద్దు. వాయిదాకు వెళ్లకపోతే మీరు లేకుండానే తీర్పు వస్తుంది. దానినే ఎక్స్‌పార్టీ అంటారు.

దాంపత్య హక్కుల పునరుద్ధరణ: కాపురానికి రమ్మని వేసే కేసు ఇది. ఆ డిక్రీ వచ్చిన తరువాత రెండేళ్లు దానిని పాటించకపోతే, అదే విడాకులకు కారణం కాగలదు. గనుక దీనిని తేలికగా తీసుకోరాదు.

న్యాయిక వేర్పాటు: కోర్టు అనుమతితో విడిగా ఉండడం. వివాహం అలాగే నిలిచి ఉంటుంది. వేరొక పెళ్లి చేసుకోరాదు.

విడాకులకు కారణాలు: 2001కి ముందు భర్త వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు, భార్య అయితే దానితోపాటు క్రూరత్వం వంటి మరొకటి కూడ రుజువు చేయవలసి వచ్చేది. 2001 సవరణ ఆ తేడా తీసివేసింది. వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్లు విడిచిపెట్టి పోవడం వంటివి ఇప్పుడు ఇద్దరికీ సమానంగా కారణాలే.

పరస్పర అంగీకార విడాకులు: ఇదీ 2001లోనే వచ్చింది. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. రెండేళ్లు విడిగా ఉండాలని చట్టంలో వ్రాసి ఉంది. కొన్ని హైకోర్టులు ఈ గడువును తగ్గించాయి గనుక వకీలును అడిగి తెలుసుకోండి. పిటిషన్ వేశాక కనీసం ఆరు నెలలు ఆగాలని చట్టం చెబుతోంది. ఆ గడువు మనసు మార్చుకోవడానికే.

మనోవర్తి: పోషణకు ఇప్పించే సొమ్ము. కేసు నడుస్తుండగానే భార్య దీనిని అడగవచ్చు. విడాకుల కేసు లేకపోయినా మేజిస్ట్రేటు కోర్టులో అడగవచ్చు. ఒకప్పటి 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుండి కొత్త చట్టంలోని 144వ సెక్షన్ వచ్చింది. భార్యే కాదు, పిల్లలు, వృద్ధ తల్లిదండ్రులు కూడ దీని క్రింద అడగవచ్చు.

కస్టడీ: పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్న నిర్ణయం. తల్లి పంతం, తండ్రి పంతం కాదు, పిల్లల మేలే కోర్టు చూస్తుంది.

డిక్రీ: తీర్పును అనుసరించి కోర్టు ఇచ్చే ఉత్తర్వు. అప్పీలు గడువు ముగిసిన తరువాత, లేక అప్పీలు కొట్టివేయబడిన తరువాతనే మరల పెళ్లికి వీలుంటుంది.

డబ్బు లేదని ఆగవద్దు

1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. విజయనగరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, వచ్చిన నోటీసులు వెంట తీసుకువెళ్లండి.

సంఘ పెద్దలకు, తోటి కాపరులకు ఒక మనవి. సమాధానపరచడం మన పని. అందుకోసం ఎన్నిసార్లయినా వారి గడప తొక్కుదాము. కాని దెబ్బలు తినే చెల్లెలిని మరల ఆ ఇంటికే పంపడం సమాధానపరచడం కాదు. ఆమె రక్షణ కోసం 2005 నాటి గృహహింస చట్టం ఉంది. రెండవ వివాహం జరిపించమని ఎవరైనా వస్తే ముందు కోర్టు డిక్రీ చూపమనండి. అది చూడకుండా జరిపించిన పెళ్లి వలన, ముందున్న భార్యతోపాటు, కొత్తగా పెళ్లికూతురైన ఆ అమ్మాయి కూడ మోసపోతుంది.

విరిగిన హృదయముగల వారికి ఆసన్నుడైన దేవుడు అట్టి కుటుంబాలను ఆదరించును గాక. వారిని వేలెత్తి చూపక, కోర్టు వాయిదా రోజున తోడుగా వెళ్లే మనసు మనకు దయచేయును గాక. ఆమేన్.