లెక్కలకు రెండు గాదెలు

గోదావరి డెల్టాలోని వర్తకులు పూర్వము జమాఖర్చులను చిట్టా, ఆవర్జాలలో వ్రాసెడివారు. నేడు వానిని కంప్యూటరులో నిలుపుచున్నారు. అయితే అవి దుకాణపు యంత్రముననే యుండవలెనా, ‘క్లౌడు’నకు అప్పగింపవలెనా? క్లౌడు అనగా ఆకాశమందలి మేఘము కాదు. ఇంటర్నెట్టు ద్వారా వాడుకొనదగిన, దూరమున నున్న పరుల కంప్యూటర్ల సముదాయము.

1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగి ఎన్నో గ్రామములు మునిగినవి. అట్టి వరదలో దుకాణపు యంత్రము పాడైనను క్లౌడులోని లెక్కలు చెడవు. 1996 నవంబరు 6న కోనసీమపై విరుచుకుపడిన తుపాను విద్యుత్తు, టెలిఫోను స్తంభములను కూల్చినది. అట్టి వేళ క్లౌడును చేరు దారి మూసుకొనును. జనరేటరు నడిపి బాకీలు చూచుకొనుటకు దుకాణములోని ప్రతియే దిక్కు.

కావున ఒక్కదానినే నమ్మరాదు. వివేకియైన రైతు విత్తనమంతయు ఒకే గాదెలో పోయడు. వర్తకుడును లెక్కలను రెండుచోట్ల నిలిపి, అవి సరిగా తెరచుకొనుచున్నవో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను.