ఆరోగ్య వ్యాపారమున ప్రచారము – పరపతి

ఆరోగ్యమును కాపాడుకొనవలెనను కోరిక మానవునికి క్రొత్తది కాదు. ఆ కోరికను ఆశ్రయించి సాగు చిన్న వ్యాపారములు మాత్రము మన విశాఖపట్నమున ఇటీవల మిక్కిలి పెరిగినవి. ఉదయమున బీచి రోడ్డున నడచువారికి రాగిజావ, మొలకెత్తిన గింజలు అమ్ము బండ్లు, కాలనీలలో యోగ శిక్షణ గదులు, గానుగ నూనె దుకాణములు, ఇంటియొద్దనే సున్నిపిండి, తలనూనె తయారుచేసి అమ్ము గృహిణులు నేడు మనకు కనిపించుచున్నారు. పోర్టులోను, ఉక్కు కర్మాగారములోను ఉద్యోగము దొరకుట పూర్వమంత సులభము కానందున, మన కళాశాల నుండి పట్టము పుచ్చుకొని వెళ్ళు విద్యార్థినీ విద్యార్థులలో కొందరు ఈ వ్యాపారముల వంక చూచుట సహజమే. అట్టివారి పెట్టుబడి తరచుగా తల్లి మెడలోని బంగారమును కుదువబెట్టి తెచ్చినదై యుండును. ఆ సొమ్మును ఏ దారిన వెచ్చింపవలెనను ప్రశ్నను విద్యార్థుల ఎదుట, కళాశాల పాలకవర్గము ఎదుట ఉంచుటయే ఈ వ్యాసోద్దేశము.

నేటి యువకుని ముందు రెండు మార్గములు గలవు. మొదటిది, ఒక్క వీడియోతో లక్షలమంది దృష్టిని ఆకర్షించుట. దీనినే 'వైరల్' అగుట అనుచున్నారు. వైరస్ ఒకరినుండి ఒకరికి ప్రాకునట్లు ఒక దృశ్యము చేతి ఫోను నుండి చేతి ఫోనుకు ప్రాకుటచే ఈ పేరు వచ్చినది. రెండవది, వచ్చిన నలుగురిని తృప్తిపరచి, వారి మాట మీద మరి నలుగురిని సంపాదించుకొనుట.

మొదటి మార్గము పనిచేయు విధమును కొంచెము పరిశీలింతము. ఒక దృశ్యమును యాప్ మొదట కొలదిమందికి మాత్రమే చూపును. వారు కడవరకు చూచినచో, ఇతరులకు పంపినచో మరికొందరికి చూపును. ఈ ఎంపిక చేయు యంత్రము యొక్క లక్ష్యము ప్రేక్షకుని కన్ను తెరపై నిలుపుటయే గాని, మన దుకాణమునకు కొనుగోలుదారుని పంపుట కాదు. లక్షమంది చూచినను వారిలో ఒకడు గుంటూరులో, ఒకడు దుబాయిలో ఉండును. మన గదికి రెండు మైళ్ళలోపల నివసించువాడే రేపు ఉదయము ఐదున్నరకు చాప పట్టుకొని రాగలవాడు. అంతేగాక ఆ వేదిక మన సొంతము కాదు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, దానినే నమ్ముకొన్నవారు సంపాదించుకొన్న ప్రేక్షకులు ఒక్క దినములో లేకపోయిరి.

జనము ఒకనాడు కూడుట వేరు, నిత్యము వచ్చుట వేరు. ఇందుకు మన నగరమే సాక్షి. 2025 జూన్ 21న అంతర్జాతీయ యోగ దినోత్సవము నాడు రామకృష్ణా బీచి మొదలు భీమునిపట్నము దిశగా సముద్రతీరమున 3 లక్షలకు పైగా ప్రజలు ఒక్కసారిగా యోగాసనములు వేసిరి. గిన్నిస్ పుస్తకమున అది రికార్డుగా నమోదైనది. ప్రజలకు యోగమును పరిచయము చేయుటకు అట్టి ఉత్సవములు అవసరమే. కాని యోగ శిక్షకుని జీవనము జూన్ 21 మీద కాక, జూలై మాసపు వానలో కూడ విడువక వచ్చు ఇరువదిమంది మీద ఆధారపడి యుండును.

ఈ విషయమును లెక్కతో చూచిన మరింత స్పష్టమగును. ఒక శిక్షణ గదికి ఒక వీడియో వలన ఒకే నెలలో 60 మంది చేరిరనుకొందము. వేడుకకు వచ్చినవారగుటచేతను, ఒక్క శిక్షకుడు అందరినీ గమనింపజాలనందునను నెలనెలా సగము మంది మానివేసిరనుకొందము. రెండవ నెలకు 30, మూడవ నెలకు 15, ఆరవ నెలకు ఇద్దరు మిగులుదురు. మరియొక గదికి నెలకు ఐదుగురు చొప్పున చేరి, పదింట ఒకరు చొప్పున మానివేసిరనుకొందము. ఏడాదిలో చేరినవారు ఇక్కడను 60 మందియే. కాని పండ్రెండవ నెలలో గదిలో 36 మంది ఉందురు.

ఈ లెక్కలో మరి రెండు పాఠములు గలవు. గది అద్దె, కరెంటు, శిక్షకుని భోజనము గడచుటకు 30 మంది రుసుము కావలెనన్నచో, నిలకడ మార్గమున ఆ సంఖ్య తొమ్మిదవ నెలకుగాని చేరదు. కనుక అంతవరకు నష్టమును భరించు సొమ్ము ముందుగా చేతిలో ఉంచుకొనవలెను. నిలకడ అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. రెండవది, ఈ విధముగా ఎన్నేండ్లు నడచినను ఆ గదిలో 50 మందికి మించరు. ఏలయనగా 50 మందిలో పదవ వంతు మానివేయు ఐదుగురు, క్రొత్తగా చేరు ఐదుగురితో సమానమగుదురు. మానివేయువారిని ఇరువదింట ఒకరికి తగ్గించినచో, క్రొత్తవారు ఒక్కరు పెరుగకున్నను ఆ పరిమితి 100కు చేరును. అనగా చేరువారిని వెదకుటకంటె చేరినవారు ఎందుకు మానుచున్నారో తెలిసికొనుట మేలు.

ఆరోగ్య విషయమున ఒక్కసారిగా వచ్చు కీర్తి మరియొక చిక్కును కూడ తెచ్చును. 2021 మే నెలలో, కోవిడ్ రెండవ ఉధృతిలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున ఆనందయ్యగారు ఉచితముగా ఇచ్చుచుండిన మూలికా మందు వార్త ఫోనుల ద్వారా వ్యాపించినది. మే 21 నాటికి వేలాది జనము ఆ గ్రామమునకు వచ్చిపడిరి. రోగులు, రోగులు కానివారు ఒకరినొకరు త్రోసికొను స్థితి ఏర్పడి పంపిణీ నిలిచిపోయినది. పరిశీలన తరువాత మే 31న ప్రభుత్వము కంటి చుక్కలకు అనుమతి ఈయక, మందులలో కొన్నింటికి అనుమతి ఇచ్చినది గాని, అవి కోవిడ్‌ను నయముచేయునని నిరూపణ కాలేదని కూడ తెలిపినది. ఇది వ్యాపారము కాదు. ఆయన ధనమును ఆశింపలేదు. అయినను మనకు ఇందొక హెచ్చరిక గలదు. కీర్తి ఒక్క దినములో రాగలదు. మూలికల సేకరణ, తయారీ, పరీక్ష, రుజువు అంత వేగముగా రాజాలవు. పచ్చడి రుచి లేకున్న పారవేయవచ్చును; మందు వికటించిన నష్టపడునది మనిషి దేహము.

అట్లయిన ప్రచారమే కూడదా అని విద్యార్థులు అడుగవచ్చును. కూడదని మా అభిప్రాయము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించి, సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టిరి. అదియును ప్రచారమే. కాని అది వస్తువును స్వయముగా వాడి చూడుమని చేతికిచ్చిన ప్రచారము. ఆ ఆదాయము అండగా 1908లో ఆయన ఆంధ్రపత్రికను స్థాపింపగలిగిరి.

హైదరాబాదులో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో ఆరంభించిన జిందా తిలిస్మాత్ మన ఇండ్లలో ఎరుగనివారు అరుదు. యూకలిప్టస్ తైలము ప్రధానముగా గల ఆ చిన్న సీసా నూరేండ్లు దాటి నేటికిని దుకాణములలో నిలిచి యున్నది. శతాబ్దకాలములో ఆ సంస్థ ఈ తైలము, పండ్లపొడి మొదలగు కొలది వస్తువులకే కట్టుబడినది. మేము ఈ మందుల గుణదోషములను నిర్ణయించుట లేదు. తాత కొన్న సీసానే మనుమడు కొనుటలోని వ్యాపార రహస్యమును మాత్రమే చూపుచున్నాము. ఉర్దూలో దీనిని 'బరకత్' అందురు. రాశి కొలదిగా ఉన్నను తరుగకుండుట అని దాని భావము.

మన విశాఖలోనే ప్రధాన కార్యాలయము గల గిరిజన సహకార సంస్థ 1956 నుండి తేనె, కుంకుడు, శీకాయ మొదలగువానిని గిరిజనులయొద్ద కొని అమ్ముచున్నది. అది ప్రభుత్వ సంస్థయే గాని, దాని సరకు మన్యపు చెట్లు ఇచ్చినంతయే దొరకును. ఎంత ప్రచారము చేసినను తేనెటీగ తన పనిని తొందరపెట్టుకొనదు. చిన్న వ్యాపారి ఈ హద్దును తెలిసి మాట ఈయవలెను.

చట్టమును కూడ మరువరాదు. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టము ప్రకారము మధుమేహము, కేన్సరు, స్థూలకాయము వంటి వ్యాధులను నయము చేయుదుమని ప్రకటించుట నేరము. వైరల్ కావలెనను తొందరలో జావ అమ్మువాడు 'షుగరు మాయము' అని పలికినచో, ఆ ఒక్క మాటతో కష్టములో చిక్కుకొనును. 'ఇది రాగిజావ, ఈ ఉదయము కాచినది' అని చెప్పిన చాలును.

కావున ఈ మార్గమున అడుగిడువారికి మేము చెప్పునది ఒక్కటే: ప్రచారము మన శక్తిని మించి పరుగెత్తరాదు. వీడియో తీయుటకు ముందు రేపు నూరుమంది వచ్చిన అందరికీ అదే నాణ్యమును ఈయగలమా అని ప్రశ్నించుకొనవలెను. ఒక నోటుపుస్తకమున ఎవరు వచ్చిరి, ఎవరు తిరిగి వచ్చిరి, ఎవరు మానిరి, ఎందుకు మానిరి అను నాలుగు విషయములు వ్రాసికొనవలెను. మన కళాశాల పాలకవర్గమువారు వాణిజ్యశాఖ విద్యార్థులను సెలవులలో ఒక నెల ఏదేని చిన్న దుకాణమున కూర్చుండబెట్టి ఆ పుస్తకమును వ్రాయించినచో, తల్లి బంగారమును కుదువబెట్టుటకు ముందే వారికి ఈ పాఠము తెలియగలదని మా విన్నపము.