ఖాళీ పెట్రోలు టాంకులో ఏమున్నది?

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు ఉత్తరముగా పత్తర్‌గట్టి బజారు ఉన్నది. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి హయాములో రాతి కమానులతో కట్టిన బజారు ఇది. ఇటువంటి బజారుల వెనుకనుండే ఇరుకు గల్లీలకు చిన్న వ్యానులే అనువైనవి. 1984లో మన దేశములో వెలువడి, తరువాత ఓమ్ని అని పేరు పొందిన మారుతి వ్యాను తయారీ 2019లో ఆగిపోయినది. అయినను పాత బండ్లు ఇంకను తిరుగుతూనే ఉన్నవి. అట్టి బండి పెట్రోలు టాంకు తుప్పుపట్టి కారసాగినప్పుడు, కొందరు ఇంటివద్దనే దానిని దించి, పెట్రోలు వంపివేసి, "ఖాళీయే గదా" అని వెల్డింగుకు పంపుతారు. ఆ "ఖాళీ" అనే మాటలోనే ప్రమాదమున్నది.

ముందుగా టాంకు ఎందుకు చెడుతుందో చూతము. పెట్రోలు తగ్గినకొద్దీ ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. గాలిలోని తేమ రాత్రి చల్లదనమునకు రేకుపై నీటిబొట్లుగా మారుతుంది. నీరు పెట్రోలుకంటె బరువు కనుక అడుగున చేరి, ఇనుప రేకును లోపలినుండి తినివేస్తుంది. నేడు బంకులలో దొరికే పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలుకు తేమను పీల్చుకొనే గుణమున్నది. పాత రబ్బరు గొట్టములకు కూడ అది అంత మంచిది కాదు.

ఇక మంట సంగతి. మండేది ద్రవపెట్రోలు కాదు, దాని ఆవిరి. ఆ ఆవిరి గాలిలో ఘనపరిమాణము ప్రకారము సుమారు 1.4 శాతము నుండి 7.6 శాతము వరకు ఉన్నప్పుడే అంటుకొంటుంది. పెట్రోలు ఉన్న మూసిన టాంకులో, మన ఊళ్ళ మామూలు ఉష్ణోగ్రతలో, ఆవిరి అంతకంటె చాల ఎక్కువగా ఉంటుంది. మండుటకు ప్రాణవాయువు చాలదు. వంపివేసిన టాంకులోనికి గాలి వస్తుంది. అప్పుడే సరియైన పాళ్ళు కుదురుతాయి.

ఎంత పెట్రోలు మిగిలితే చాలును? విద్యార్థులు లెక్క వేయవచ్చును. టాంకు 40 లీటర్లది అనుకొందము. అందులో 1.4 శాతమనగా 0.56 లీటరు ఆవిరి. పెట్రోలు సగటు అణుభారము సుమారు 100. 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక మోలు ఆవిరి సుమారు 25 లీటర్లు. కనుక లీటరు ఆవిరి 4 గ్రాములు, 0.56 లీటరు 2.24 గ్రాములు. ద్రవరూపములో ఇది 3 మిల్లీలీటర్లే! చిన్న చెంచాడు కూడ కాదు. తుప్పు పొరలలో, రేకు అతుకులలో ఇంతకంటె ఎక్కువే దాగియుంటుంది. నీటితో కడిగినను అది పూర్తిగా పోదు. వెల్డింగు వేడికి మరల ఆవిరియై బయటికి వస్తుంది. అందుచేతనే పాత టాంకుకు అతుకు వేయుటకంటె క్రొత్తది బిగించుట మేలు.

దించేటప్పుడు ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. గాలి అణుభారము 29. పెట్రోలు ఆవిరి అంతకు మూడున్నర రెట్లు బరువు. అది పైకి లేవదు. నీటివలె నేలమీద ప్రాకి పల్లమునకు పోతుంది. గల్లీలో టాంకు విప్పితే, కొన్ని గజముల దూరములోనున్న చాయ్ దుకాణపు పొయ్యి దానిని అంటించవచ్చును. కనుక ఈ పని గోడల నడుమ కాక, ఆరుబయట, ఇంజను చల్లారిన పిమ్మట చేయవలెను. బాటరీ తీగ ముందే విప్పవలెను. పెట్రోలును నోటితో పీల్చి తీయరాదు. చేతిపంపుతో మూతగల లోహపు డబ్బాలోనికి తీయవలెను. గొట్టములను, ఫిల్టరును కూడ మార్చి, మొదట కొద్దిగా పెట్రోలు పోసి, అతుకులవద్ద చెమ్మ లేదని చూచిన తరువాతనే ఇంజను నడపవలెను. ఆరుబయలు దొరకనివారు పనిని మెకానిక్కుకు అప్పగించుట మంచిది.

ఉపాధ్యాయులు ఈ లెక్కనే 200 లీటర్ల పీపాకు వేయించవచ్చును. జవాబు 15 మిల్లీలీటర్లు, అనగా మూడు చిన్న చెంచాలు. అంత పెట్రోలు అడుగున మిగిలియున్న పీపాను చూచి, అది ఖాళీ అని ఎవరనగలరు?