పేర్లు మారిన మహారాణి

బాన్సువాడ వాళ్లకు పెద్ద నీళ్లంటే నిజాంసాగరే. గేట్లెత్తారని తెలిస్తే చాలు, పిల్లాపాపలతో బయల్దేరతారు. సముద్రం మీద విహరించాలంటే? ఒకప్పుడు ఆ ముచ్చట సినిమాల్లో చూడాల్సిందే. 2022 జూన్ 8న ఆ సరదా మన విశాఖ రేవుకే వచ్చింది. తెచ్చిన ఓడ పేరు ఎంప్రెస్, అంటే మహారాణి!

ఈ మహారాణి పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్. 1990లో ప్రయాణాలు మొదలుపెట్టింది. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. పేరు పెట్టింది గాయని గ్లోరియా ఎస్టెఫాన్. ఉద్యోగులకు దొరికే సెలవులు కొన్నే కదా, అలాంటివాళ్ల కోసం మూడు నాలుగు రోజుల చిన్న యాత్రలకే దీన్ని కట్టారు. 2004లో ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ అయింది. 2008లో స్పెయిన్ సంస్థ పుల్‌మంతూర్ చేతికెళ్లి ఒట్టి ఎంప్రెస్‌గా మిగిలింది. 2016లో మళ్లీ పాత యజమాని రాయల్ కరీబియన్ గూటికి చేరింది. ఆ మరుసటేడు అమెరికా పర్యాటకుల్ని క్యూబాకీ తీసుకెళ్లింది.

అంతలో కరోనా. విహార ఓడలన్నీ లంగరేశాయి. ఎంప్రెస్‌తో కలిసి పనిచేసిన సావరిన్, మోనార్క్ 2020లో తుర్కియే తీరంలో తుక్కుకింద చేరాయి. ముప్ఫై ఏళ్ల ఎంప్రెస్‌కూ అదే గతి పట్టేదేమో! ఆ డిసెంబరులో దాన్ని అమ్మేశారు. చివరికి మనదేశానికి చెందిన కార్డీలియా క్రూజెస్‌ పేరు మీద 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి కొత్త జీవితం మొదలుపెట్టింది.

లోపల ఏముంటాయంటారా? సుమారు 800 గదులు, ఈతకొలను, నాటకశాల, రెస్టారెంట్లు, పిల్లల ఆటస్థలం, ఎక్కి ఆడుకునే కృత్రిమ కొండగోడ. పొడవు 211 మీటర్లు. టైటానిక్ కంటే దాదాపు 58 మీటర్లు పొట్టి. కానీ లోపలి విశాలాన్ని లెక్కగట్టే టన్నేజీలో మాత్రం టైటానిక్‌ది 46 వేల పైచిలుకైతే, దీనిది 48 వేలు దాటింది!

విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై చుట్టి రావడం మొదటి ప్రణాళిక. అయితే పుదుచ్చేరిలో ఆగేందుకు తొలిసారి అనుమతి రాలేదు. ఓడలో కేసినో ఉండటంపై అక్కడ అభ్యంతరాలొచ్చాయి. విశాఖలో మాత్రం విహార ఓడల కోసమే సుమారు 96 కోట్ల రూపాయలతో టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. ఒకేసారి రెండు వేలమంది ప్రయాణికులు రాకపోకలు సాగించేలా ఏర్పాట్లున్నాయి.

రేవు సిద్ధం. ఇక కావాల్సింది ఓడలూ, ఎక్కే జనమూ. ముసలి ఓడకు ఆయుష్షు పోసేది ఇంజిన్ ఒక్కటే కాదు, మూడురోజుల సెలవు పెట్టుకుని టిక్కెట్టు కొనే కుటుంబాలు కూడా. చిన్న యాత్రల కోసం పుట్టిన మహారాణి ముప్ఫై ఏళ్ల తర్వాత మన దగ్గర చేసిందీ ఆ పనే!