తెలుగులో జవాబు చెప్పే జ్వరం లెక్క: పిల్లలతో చేయించదగ్గ చిన్న ప్రోగ్రాం

మా ఇంట్లో రెండు థర్మామీటర్లున్నాయి. పాతది ఫారెన్‌హీట్‌లో చూపిస్తుంది, కొత్తది సెల్సియస్‌లో. ఒక రాత్రి పాపకు ఒళ్లు కాలిపోతుంటే మా అమ్మ కొత్తదానిలో 39 చూసి, "నూరు కూడా లేదు, పడుకోనీ" అంది. 39 అంటే 102.2 అని మాకు తెల్లారాక తెలిసింది.

హోసూరు, బళ్లారి వైపు మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో వేరే భాషలో చదువుతారు. కంప్యూటర్ నేర్చుకునే పిల్లవాడు ఈ లెక్కను తెలుగు అక్షరాలతో తయారుచేస్తే రెండు పనులూ ఒకేసారి అవుతాయి.

ముందు లెక్క. నీరు గడ్డకట్టే చోటు నుంచి మరిగే చోటు దాకా సెల్సియస్‌లో 100 మెట్లు, ఫారెన్‌హీట్‌లో 180. పైగా ఫారెన్‌హీట్‌లో గడ్డకట్టే చోటు 32. కాబట్టి సెల్సియస్‌ను 1.8తో హెచ్చించి 32 కలపాలి. వెనక్కి రావాలంటే ముందు 32 తీసేసి, తర్వాత 1.8తో భాగించాలి. ఈ వరుస తప్పకూడదు. తీసివేతను కుండలీకరణంలో పెట్టకపోతే పైథాన్ ముందు భాగహారమే చేస్తుంది. అప్పుడు 98.6కు జవాబు 37 రాదు, దాదాపు 80.8 వస్తుంది!

పైథాన్‌లో విండోలు చేయడానికి టికింటర్ ఉంది. విండోస్‌లో పైథాన్‌తోపాటే వస్తుంది, ఉబుంటులో విడిగా వేసుకోవాలి. కావలసినవి ఒక విండో, అంకె రాసే ఎంట్రీ పెట్టె, రెండు బటన్లు, జవాబు కోసం ఒక లేబుల్. బటన్ల మీద "సెల్సియస్‌కు", "ఫారెన్‌హీట్‌కు" అని తెలుగులోనే రాయండి.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది బటన్ దగ్గరే. కమాండ్‌కు ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి. పేరు పక్కన కుండలీకరణాలు పెడితే, బటన్ నొక్కకముందే ఫంక్షన్ ఒకసారి నడిచిపోతుంది, తర్వాత నొక్కినా ఉలకదు పలకదు. చివర్లో మెయిన్‌లూప్ మరచిపోతే విండో నిలవదు.

పెట్టెలో రాసింది కంప్యూటర్‌కు అంకె కాదు, అక్షరాలు. ఫ్లోట్‌తో అంకెగా మార్చాలి. ఎవరైనా "ముప్పై" అని రాస్తే తప్పు వస్తుంది కాబట్టి ట్రై, ఎక్సెప్ట్ పెట్టి "అంకె మాత్రమే రాయండి" అని చూపించాలి. ఒక విశేషం: ౩౯ అని తెలుగు అంకెలు రాసినా పైథాన్ 39గానే తీసుకుంటుంది. జవాబును రౌండ్‌తో ఒక దశాంశానికి కుదిస్తే చాలు.

సరిచూడటానికి 0కి 32, 100కి 212 రావాలి. మైనస్ 40 రెండింటిలోనూ ఒకటే.

ఇక మా వాడు చేర్చిన ముక్క: సెల్సియస్ 38, అంటే 100.4, దాటగానే లేబుల్ ఎర్రగా మారి "జ్వరం ఉంది" అంటుంది. లినక్స్‌లో మాత్రం ఒత్తులు విడిపోయి కనిపించవచ్చు. విండోస్‌లో నిర్మలా ఫాంట్‌తో చక్కగా వచ్చాయి. మా అమ్మ ఇప్పుడు అంకె చూడదు, రంగు చూస్తుంది.